మబ్బులో సంత

గోదావరి గట్టునున్న కపిలేశ్వరపురంలో సర్వారాయ హరికథా పాఠశాల ఉంది. హరికథ చదువు పుస్తకంతో కన్నా నోటితోనే ఎక్కువ. గురువు ఒక వరస పాడితే శిష్యుడు దాన్ని తిరిగి పాడాలి. ఎక్కడ జారినా మళ్ళీ మొదటికే. కోనసీమ అగ్రహారాల్లో వేదం నేర్పే పద్ధతీ ఇదే. సంత చెప్పడం అంటారు: గురువు ఒకసారి, శిష్యుడు రెండుసార్లు.

రాజమండ్రి దగ్గర మధురపూడి విమానాశ్రయంలో కంట్రోల్ టవర్‌కీ పైలట్‌కీ మధ్య రోజూ నడిచేది కూడా సంతే. కాకపోతే అక్కడ శిష్యుడు మబ్బులో ఉంటాడు.

నేలను కళ్ళతో చూసుకుంటూ విమానం నడపడం ఒక పద్ధతి. ముసురు పట్టినప్పుడూ, చలికాలం పొద్దున్నే మంచు కమ్మినప్పుడూ అది సాగదు. ఎదురుగా ఉన్న మీటర్లనీ చెవిలో పడే గొంతునీ నమ్ముకోవాల్సిందే. దాన్నే ఇన్‌స్ట్రుమెంట్ ఫ్లయింగ్ అంటారు. ప్రయాణికుల జెట్ విమానాలు ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున కూడా దాదాపు ఎప్పుడూ ఈ పద్ధతి నిబంధనలతోనే ఎగురుతాయి.

బయలుదేరకముందే కంట్రోలర్ నాలుగు ముక్కలు చెబుతాడు. ఎక్కడిదాకా, ఏ దారిన, ఎంత ఎత్తుకి, రాడార్‌లో గుర్తుపట్టడానికి ఏ నాలుగంకెల కోడ్ పెట్టుకోవాలి. పైలట్ అవన్నీ రాసుకుని తిరిగి అప్పజెప్పాలి. సరిపోతే "రీడ్‌బ్యాక్ కరెక్ట్" అన్న మాట వస్తుంది. తేడా వస్తే ఆ ముక్క మళ్ళీ. సినిమాల్లో వినిపించే "రోజర్" ఇక్కడ చాలదు. రోజర్ అంటే కథకి ఊఁ కొట్టడం లాంటిది. విన్నానని మాత్రమే అర్థం. ఊఁ కొట్టినవాడికి కథ ఎంత తలకెక్కిందో చెప్పేవాడికి తెలీదు కదా!

అంకెలు ఒక్కొక్కటిగా విడదీసి పలుకుతారు. తొమ్మిదిని "నైన్" అనరు, "నైనర్" అంటారు. గరగరలాడే రేడియోలో "ఫైవ్"తో కలిసిపోకుండా ఉండాలని. ఐదుని "ఫైఫ్" అనీ, మూడుని "ట్రీ" అనీ పలకమని నిబంధన. ఇంగ్లీషు మాస్టారు వింటే చెవులు మూసుకుంటాడు గానీ, ఇది ఉచ్చారణ సొగసు కోసం పెట్టింది కాదు.

తీరంలో వాళ్ళకి వాయుగుండం కొత్త కాదు. విమానంలో ఎత్తు చూపే మీటరు నిజానికి కొలిచేది గాలి ఒత్తిడిని. మామూలు లెక్క 1013 హెక్టోపాస్కల్స్. వాయుగుండం పట్టినప్పుడు అది 995కి పడిపోయిందనుకుందాం. పైలట్ ఆ అంకె సరిచేసుకోకపోతే, విమానం ఉన్నదానికన్నా దాదాపు 500 అడుగులు పైన ఉన్నట్టు మీటరు చూపిస్తుంది. మబ్బులోంచి దిగేవాడికి ఆ 500 అడుగులే ప్రాణం. అందుకే ఒత్తిడి అంకెని కూడా తప్పకుండా అప్పజెప్పించుకుంటారు.

అప్పజెప్పినంత మాత్రాన అయిపోతుందా? 1996 నవంబరు 12 సాయంత్రం హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద ఏం జరిగిందో చూడండి. ఢిల్లీలో దిగడానికి కజకిస్తాన్ విమానం వస్తోంది. ఢిల్లీ నుంచి లేచిన సౌదీ విమానం అదే దారిలో ఎదురొస్తోంది. మొదటిదాన్ని 15,000 అడుగుల దగ్గరా, రెండోదాన్ని 14,000 దగ్గరా ఉండమన్నాడు కంట్రోలర్. కజక్ విమానం 15,000 దగ్గర ఆగకుండా కిందికి దిగిపోయింది. రెండూ ఢీకొని 349 మంది పోయారు, ఒక్కరూ మిగల్లేదు. కజక్ విమానంలో కంట్రోలర్‌తో మాట్లాడింది నడిపేవాళ్ళు కారు, వేరే రేడియో ఆపరేటర్. సంత చెప్పుకున్న నోరు ఒకరిది, స్టీరింగ్ పట్టిన చెయ్యి మరొకరిది. నా మటుకు ఆ ప్రమాదంలో అన్నిటికన్నా భయపెట్టే సంగతి ఇదే. ఇప్పుడు చాలా విమానాల్లో ఒక పైలట్ కొత్త ఎత్తుని మీటలో పెడితే, రెండోవాడు దాన్ని వేలితో చూపించి పైకి చదువుతాడు. పైలట్ల గదిలోనే ఇంకో సంత.

ఈసారి మధురపూడిలో విమానం ఎక్కి, తలుపులు వేసినా అది కదలకుండా నిలబడితే విసుక్కోకండి. ముందు గదిలో పైలట్ ఇంకా పాఠం అప్పజెబుతూ ఉండొచ్చు.