గర్భసంచి ఆపరేషన్: స్త్రీవాద తత్త్వానికీ మన బోధకూ ఒక ప్రశ్న

మన ప్రాంతంలో ఆ అవయవానికి వాడుకలో ఉన్న పేరు గర్భసంచి. సంచి అంటే ఏదైనా వేసుకోవడానికి పనికొచ్చేది, పని తీరాక పక్కన పడేసేది. "పిల్లలు పుట్టారు కదా, ఇంకా దానితో పనేముంది" అనే మాట నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల్లో ఆసుపత్రి వరండాలోనే కాదు, విశ్వాసుల ఇళ్లలోనూ సులువుగా వినబడుతుంది. ఇదే జిల్లాలోని శ్రీశైలంలో మూలమూర్తి ఉండే చోటును గర్భగుడి అంటారు. గర్భమనే పదం గుడికి చేరితే చెప్పులు విడిచి, అనుమతితో ప్రవేశించే చోటయింది. స్త్రీ శరీరానికి చేరితే సంచి అయింది. స్త్రీవాద తత్త్వవేత్తలు శరీరాన్ని గురించి వ్రాసిన వాటిని మన వేదాంత కళాశాలల్లో చదువుతున్నామే గాని, ఈ సంచి అన్న మాట దగ్గర నిలబెట్టి పరీక్షించడం లేదని మా అభిప్రాయం.

పరీక్షించవలసిన అవసరం ఎంతో లెక్కలే చెబుతున్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.3 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.7, తెలంగాణలో 8.2 శాతం. అంటే ఆ వయస్సు స్త్రీలలో సుమారు పన్నెండు మందికి ఒకరు. వీరిలో అనేకులకు ఇది రెండవ కోత. మన రాష్ట్రంలో అదే వయస్సు వివాహితలలో దాదాపు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నారు. గడ్డలకూ క్యాన్సరుకూ ఈ శస్త్రచికిత్స ప్రాణం నిలిపే సందర్భాలున్నాయి, దాన్ని ఎవరూ కాదనరు. అయితే తెల్లబట్టకూ నడుము నొప్పికీ "క్యాన్సరు వస్తుందేమో" అన్న భయానికీ కూడా అదే మందు అయిపోయింది. మెదక్ జిల్లా గ్రామాల్లో ఈ సంగతిని పరిశీలించి డాక్టర్ ఎస్.వి. కామేశ్వరి, డాక్టర్ ప్రకాశ్ వింజమూరి చాలా ముందే హెచ్చరించారు. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, అనవసర ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలులో పెట్టాలని రాష్ట్రాలను ఆదేశించింది. అండాశయాలు కూడా తీసేస్తే ముట్లుడిగే స్థితి ఒక్కసారిగా వచ్చి పడుతుంది. ఎముకలు, గుండె దెబ్బతినే ప్రమాదం పెరుగుతుంది. ముప్పై అయిదేళ్లకే అది వస్తే మిగిలిన బ్రతుకంతా కూలి పనే ఆధారమైన స్త్రీ పరిస్థితి ఏమిటి?

ఇక తత్త్వం మాట. ఆరోగ్యంగా ఉన్నప్పుడు మనం శరీరాన్ని గమనించం, దాని ద్వారా లోకాన్ని గమనిస్తాం అన్న ధోరణి మెర్లో-పాంతీ ఆలోచనలో ఉంది. ఐరిస్ మేరియన్ యంగ్ 1984 నాటి వ్యాసంలో గర్భిణి అనుభవాన్ని ఆధారం చేసుకుని దీన్ని సరిదిద్దింది. శరీరపు బరువును గమనిస్తూనే స్త్రీ తన పనిలో ఉండగలదు, ఆ గమనింపు రోగం కాదు అన్నది ఆమె వాదం. తరువాత రొమ్ము తొలగింపును గురించి కూడా వ్రాసింది. విలువైన పనే. కాని యంగ్ వర్ణించే స్త్రీకి తన శరీరం మీద మనసు నిలిపే తీరిక ఉంది. పత్తి విత్తన చేలో క్రాసింగ్ పనికి వెళ్లే మన స్త్రీకి రక్తస్రావం మొదట పోయిన కూలిగానూ, చాటు లేని పొలంలో సిగ్గుగానూ తెలుస్తుంది. ఆమె లెక్కలో ఆపరేషన్ తెలివైన నిర్ణయమే. ఆమెను మోసపోయినదని అనడం సగం నిజం, స్వేచ్ఛగా ఎంచుకున్నదని అనడం అంతకన్నా తక్కువ నిజం. ఈ విషయంలో, స్త్రీల ప్రశ్నల నుండే బయలుదేరిన 'సవాలక్ష సందేహాలు' (1991) అనే తెలుగు పుస్తకం మనకు యంగ్ కంటె దగ్గరగా ఉంది.

వేదాంతంలో మాకు ఇంకొక చిక్కు కనబడుతున్నది. ఫిలిస్ ట్రిబుల్ 1978లో, హెబ్రీలో గర్భానికి వాడే రెహెమ్ అనే మాటకూ, కనికరానికి వాడే రహమీమ్ అనే మాటకూ ఉన్న సంబంధాన్ని చూపి దేవుని కనికరాన్ని గర్భంతో పోల్చి చదివింది. విద్యార్థులకు ఇది ప్రియమైన పాఠం, ప్రసంగాల్లోకీ వచ్చింది. అయితే ఆ పోలికను మాతృ దినాన వినే సంఘంలో గర్భసంచి లేని స్త్రీ కూర్చుని ఉంటే ఆమె ఏమి వింటున్నది? కనికరానికి చోటైన అవయవాన్ని పోగొట్టుకున్నాననా? పోలికను విడిచిపెట్టమని మేము అనడం లేదు. అవయవానికి అంత మహిమ నిచ్చే బోధ, అది తీసివేయబడిన రోజున నోరు మెదపకపోవడాన్నే ప్రశ్నిస్తున్నాము.

మార్కు సువార్త ఐదవ అధ్యాయంలోని స్త్రీ మీద మనం చేసే ప్రసంగాలు దాదాపు అన్నీ ఆమె విశ్వాసం మీదనే నిలుస్తాయి. పండ్రెండేండ్ల రక్తస్రావం, అనేక వైద్యుల చేతిలో పడిన బాధ, ఖర్చయిపోయిన ఆస్తి, ఇవన్నీ పీఠికగా గడిచిపోతాయి. మార్కు మాత్రం వైద్యుల సంగతి దాచలేదు. (లూకా అదే కథలో వైద్యుల పట్ల కొంత మెత్తబడ్డాడని వ్యాఖ్యాతలు చాలాకాలంగా గమనిస్తూనే ఉన్నారు.) రక్తం ఆగిపోయింది, శరీరంలో ఆమెకది తెలిసింది కూడా. అక్కడితో కథ ముగియవచ్చు. కాని యేసు ఆగి, ఎవరని అడిగి, జనం మధ్య ఆమె చేత సంగతంతా చెప్పించాడు. చావు బ్రతుకుల్లో ఉన్న పండ్రెండేండ్ల కూతురి కోసం వచ్చిన యాయీరు, ఆమె చెప్పడం ముగిసేవరకూ అక్కడే నిలబడి ఉండవలసి వచ్చింది.