ఎగురు పళ్ళెరముల సంఘముల వాఙ్మయము: సాక్ష్యము, కల్పన

1947 జూన్ 24వ తేదీన అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రమున, రెయినియర్ పర్వత ప్రాంతమున విమానము నడుపుచుండిన కెన్నెత్ ఆర్నాల్డ్ అను వైమానికుడు తొమ్మిది వస్తువులు మిక్కిలి వేగముతో పోవుచుండగా చూచితినని చెప్పెను. నీటిమీద విసరిన పళ్ళెరము ఎగిరెగిరి పడుచు పోవునట్లు వాని గమనముండెనని ఆతడు పోల్చెను. పత్రికలవారు గమనమునకు చెప్పిన పోలికను ఆకారమునకు అంటగట్టి, వానికి ‘ఎగురు పళ్ళెరములు’ అని పేరు పెట్టిరి. ఉపమలో వక్త ఉద్దేశించిన సాధారణ ధర్మము ఒకటి. లోకము గ్రహించినది మఱియొకటి. ఒక ఉపమానమును అపార్థము చేసికొనుటతో మొదలైన ఈ వాఙ్మయము సాహిత్య విమర్శకుని పరిశీలనకు తగినదే యని మేము తలచుచున్నాము.

ఆ పిమ్మట కొలది సంవత్సరములలో అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశములలో ఈ విషయమున ఆసక్తిగలవారు చిన్న చిన్న సంఘములుగా ఏర్పడిరి. 1952లో విస్కాన్సిన్ రాష్ట్రమునందలి స్టర్జన్ బే అను పట్టణమున కోరల్, జిమ్ లోరెంజెన్ దంపతులు ‘ఏప్రో’ అను సంఘమును స్థాపించిరి. ఆ సంవత్సరముననే కనెక్టికట్ రాష్ట్రమున బ్రిడ్జిపోర్టు నగరమున ఆల్బర్ట్ బెండర్ ‘ఇంటర్నేషనల్ ఫ్లయింగ్ సాసర్ బ్యూరో’ను నెలకొల్పెను. చందా చెల్లించుట, వార్తాపత్రికల కత్తిరింపులు సేకరించుట, చూచితిమన్నవారిని కలిసికొని ప్రశ్నించుట, వచ్చిన లేఖలను చిన్న పత్రికలో ప్రకటించుట - ఇవి ఇట్టి సంఘములలో సాగుచుండిన పనులు. 1957 అక్టోబరు 4న సోవియట్ యూనియన్ వారి స్పుత్నిక్ ఆకాశమున కెగయుటకు ఐదేండ్లకు పూర్వమే, వీరు గ్రహాంతరయానమును ఇరుగుపొరుగు వార్తవలె చర్చించుకొనుచుండిరి.

ఈ పత్రికలలోని గద్యము ప్రధానముగా సాక్ష్యరూపమైనది. ఫలానా దినమున, ఫలానా చోట, ఫలానావారు ఇట్లు చూచిరి అనుట దాని మూలరీతి. కావున రసాలంకారములకంటె ముందు ఇచ్చట శబ్దప్రమాణ విచారము అవసరమగుచున్నది. ఉన్నదానిని ఉన్నట్లు ఎఱుగుట, ఎఱిగినదానిని ఎఱిగినట్లు చెప్పగోరుట - ఈ రెండును గలవానిని మన నైయాయికులు ఆప్తుడనిరి. మొదటిది లోపించినచో భ్రాంతి. రెండవది లోపించినచో వంచన. త్రాటిని పామని తలచి కేకవేసినవాడు దొంగసాక్షి కాడు. శుక్రగ్రహమును, ఉల్కలను, పరిశోధనార్థము విడువబడిన బెలూనులను చూచి పళ్ళెరములని భ్రమించినవారందఱు ఈ మొదటి తెగవారే. అమెరికా వైమానికదళము 1969లో ముగించిన ‘బ్లూ బుక్’ పరిశోధనలో 12,618 నివేదికలు చేరగా, వానిలో 701 మాత్రమే నిర్ణయము తేలనివిగా మిగిలినవి. సంఘసభ్యులను పరిహసించుట సులభము. కాని భ్రాంతిని వంచనతో ఏకము చేసి పరిహసించుట న్యాయము కాదు. ఈ రెంటి నడుమనున్న సరిహద్దును చెఱిపివేసినవారిలో ముఖ్యుడు సమర్థుడైన ఒక రచయిత యని మా యభిప్రాయము.

ఆ రచయిత పశ్చిమ వర్జీనియాకు చెందిన గ్రే బార్కర్. ఆతడు సినిమాలను ప్రదర్శనశాలలకు కుదిర్చెడి వృత్తిలో నుండి, బెండర్ సంఘమున చేరి, 1953లో ‘ది సాసరియన్’ అను పత్రికను స్వయముగా ప్రారంభించెను. 1956లో వెలువడిన ఆతని గ్రంథము ‘దే న్యూ టూ మచ్ ఎబౌట్ ఫ్లయింగ్ సాసర్స్’. ఎగురు పళ్ళెరములను గూర్చి వారికి తెలియదగినదానికంటె ఎక్కువ తెలిసినదని ఆ పేరునకు తాత్పర్యము.

గ్రంథమునకు కేంద్రము బెండర్ వృత్తాంతము. 1953 అక్టోబరున బెండర్ పత్రికయైన ‘స్పేస్ రివ్యూ’ తుదిసంచికలో ఒక ప్రకటన వెలువడెను. పళ్ళెరముల రహస్యము ఇక రహస్యము కాదనియు, పైవారి ఆజ్ఞవలన దానిని వెల్లడింప వీలులేదనియు, ఈ పనిలోనున్నవారు మిక్కిలి జాగరూకులై యుండవలెననియు దాని సారాంశము. అంతటితో సంఘము మూతపడెను. నల్లని దుస్తులు ధరించిన మువ్వురు వచ్చి తన నోరు కట్టివేసిరని బెండర్ మిత్రులతో చెప్పెను.

బార్కర్ శక్తిని మొదట గుర్తింపవలెను. గ్రంథారంభమున ఆతడు 1952 సెప్టెంబరు 12వ తేదీ రాత్రి పశ్చిమ వర్జీనియాలోని ఫ్లాట్‌వుడ్స్ గ్రామమున జరిగిన సంఘటనను వర్ణించెను. ఆకాశమున పోయిన వెలుగును చూచి కొందఱు బాలురు, ఒక స్త్రీ కొండ యెక్కి, చీకటిలో ఎత్తైన భీకరాకారమును చూచి పరుగెత్తి వచ్చిరి. ఆ వెలుగు ఉల్కయనియు, ఆ యాకారము కొమ్మపై వ్రాలిన గుడ్లగూబయై యుండుననియు పిమ్మట పరిశోధకులు వివరించిరి. బార్కర్ ఆ గ్రామమునకు పోయి చూచినవారితో మాటలాడెను. ఈ భాగమున సాక్షుల పలుకు సాక్షులదిగా, రచయిత ఊహ రచయితదిగా చాలవఱకు వేఱుగా తెలియుచునే యున్నవి. చూచినవారు భ్రమించిరేమో, చెప్పిన తీరు మాత్రము ఆప్తుని తీరునకు సమీపముగా నున్నది.

బెండర్ వృత్తాంతమునకు వచ్చునప్పటికి రీతి మాఱినది. మిత్రులు బెండర్ వద్దకు పోయి ప్రశ్నలమీద ప్రశ్నలు వేయుదురు. పెక్కింటికి ఆతని ప్రత్యుత్తరము చెప్పజాలననుటయే. ఇచ్చట ఆకాశమున పళ్ళెరము లేదు. గదిలో భయపడిన మనుష్యుడొకడు, ఆతని మౌనము కలవు. వచ్చిన మువ్వురు ఎవరో, ఏమి చెప్పిరో తెలియదు. విస్మయము స్థాయిగాగల అద్భుతమును విడిచి గ్రంథము భయానకమునకు మఱలినది. ఆస్ట్రేలియా, న్యూజిలాండులలోని సంఘముల వృత్తాంతములును ఇదే త్రాట కూర్పబడినవి. శిల్పముగా ఇది సమర్థమైనదే. అయితే ఈ శిల్పమునందే దోషబీజమున్నది. సాక్ష్యము దొరకకుండుటయే సాక్ష్యమగునేని, ఇక దానిని ఖండింపగల ప్రమాణము లోకమున లేదు. ఏ సంఘము మూతపడినను, ఏ సభ్యుడు విసిగి విరమించినను, అది బెదరింపునకు నిదర్శనముగా చదువబడును. చందాలు చాలక, ఓపిక చాలక పత్రికలు నిలిచిపోవుట ఎల్లదేశముల వారికి తెలిసిన విషయము. బార్కర్ రీతిలో ఇట్టి సామాన్య కారణములకు చోటు మిక్కిలి తక్కువ.

1962లో బెండర్ స్వయముగా వ్రాసిన ‘ఫ్లయింగ్ సాసర్స్ అండ్ ది త్రీ మెన్’ను బార్కరే ప్రచురించెను. మువ్వురును గ్రహాంతరవాసులనియు, వారి స్థావరము దక్షిణ ధ్రువ ఖండమున నున్నదనియు, సముద్రజలమునుండి ఒక పదార్థమును గ్రహించుటకు వచ్చిరనియు అందు చెప్పబడెను. మౌనము భగ్నమైనంతనే భయమును భగ్నమైనది. మొదటి గ్రంథమును నిలిపినది వస్తువు కాదనియు, వస్తువును మఱుగుపఱచిన తెరయే యనియు దీనివలన తేటపడుచున్నది.

ఇది వినోదార్థమైన రచన. దీనికి ప్రమాణపరీక్ష యేల అని యొకరు ఆక్షేపింపవచ్చును. ప్రఖ్యాతము, ఉత్పాద్యము, మిశ్రము అని ఇతివృత్తమును మూడు విధములుగా విభజించిన మన ఆలంకారికులు కల్పనను దోషమనలేదు, మిశ్రమును కాదనలేదు. కాని కావ్యమును చేతబట్టిన పాఠకుడు అది కావ్యమని యెఱిగియే చదువును. ఆ యెఱుకయే కవికి స్వాతంత్ర్యమిచ్చుచున్నది. బార్కర్ పాఠకునికి ఆ యెఱుక లేదు. ఆతడు సంఘమునకు చందా చెల్లించి, నివేదికయని నమ్మి చదివినవాడు.

ఈ భేదము ఎంత ముఖ్యమో 1957 నాటి ఒక లేఖ నిరూపించుచున్నది. శుక్రగ్రహవాసిని కలిసితినని 1953 నాటి గ్రంథమున ప్రకటించిన జార్జి ఆడమ్‌స్కీకి అమెరికా విదేశాంగశాఖ కాగితముపై, స్ట్రెయిత్ అనువాని సంతకముతో, ఆతని మాటలను సమర్థించు ఉత్తరమొకటి వచ్చెను. ఆడమ్‌స్కీ దానిని ప్రమాణముగా చూపుకొనెను. అది బార్కరును, ‘సాసర్ న్యూస్’ సంపాదకుడగు జేమ్స్ మోస్లీయును కలిసి సృష్టించిన కూటలేఖ. 1984లో బార్కర్ మరణించిన పిదప, 1985లో మోస్లీ ఆ విషయమును వెల్లడించెను. బార్కర్ ఈ వ్యవహారమును పరిహాసముగనే చూచెడివాడని కూడ మోస్లీ చెప్పియున్నాడు. దీనినిబట్టి బార్కర్ గ్రంథమునందలి ప్రతివాక్యము అసత్యమని మేము చెప్పము. ఏ వాక్యము సత్యమో చెప్పు అధికారమును ఆ రచయిత తానే పోగొట్టుకొనెనని మాత్రము చెప్పుదుము.

మనస్తత్త్వవేత్త యూంగ్ 1958లో ఈ విషయముపై గ్రంథము వ్రాసి, ఆకాశమున కనబడిన ఆ గుండ్రని ఆకారములందు ఛిన్నమైన లోకము తన పూర్ణత్వమును వెదకుకొనుచున్నదని సూచించెను. ఈ వ్యాఖ్య సామాన్య సభ్యుల యందు ఆదరము గలది. వారి చూపులో భ్రాంతి యున్నను ఆర్తి నిజమైనది. కాని పురాణము జనుల నోట తానై పెరుగును. కూటలేఖకు కర్త యొకడుండును. ఆ కర్తను పురాణము చాటున దాచుట విమర్శకు తగదు.

మన కైఫీయతులు ఇచ్చట స్మరణీయములు. మెకంజీ కాలమున సేకరింపబడిన ఆ గ్రామవృత్తాంతములలో దేవతల మహిమలు, రాజుల దానములు పక్కపక్కనే యున్నవి. అయినను దండకవిలెలో నున్నదేదో, పెద్దలు చెప్పుకొనునదేదో తెలుపు అలవాటు వానిలో పలుచోట్ల కనబడును. అందువలన మనము వానియందలి కథను కథగా ఆదరించి, చరిత్రను చరిత్రగా గ్రహింప గలుగుచున్నాము. సంఘముల పత్రికలలో ‘ఏప్రో’ వంటివారు తేదీ, స్థలము, సాక్షి పలుకు పేర్కొని కూర్చిన నివేదికలకు ఇట్టి విలువ కలదు. వారి సిద్ధాంతములు నిలువకున్నను, ఆ కాలపు జనులు ఆకాశమును చూచి యేమి తలచిరో తెలిసికొనుటకు అవి ఆధారములుగా నిలుచును.

బార్కర్ సృష్టి మాత్రము విస్తారముగా వ్యాపించినది. నల్లదుస్తుల మనుష్యులు 1997లో చలనచిత్రమునకు నాయకులై హాస్యపాత్రలుగా లోకమెల్ల తిరిగిరి. అచ్చట వారు కల్పితులని ప్రేక్షకు లందఱెఱుగుదురు గనుక దోషము లేదు. 1956 నాటి పాఠకునికి ఆ యెఱుకను నిరాకరించుటయే బార్కర్ గ్రంథమునందలి ప్రధాన దోషమని మేము నిర్ణయించుచున్నాము. శిల్పమున ఆ గ్రంథమునకు ఆ వాఙ్మయమున ఉన్నతస్థాన మీయవచ్చును. సాక్ష్యముగా మాత్రము దానిని స్వీకరింపరాదు.