గొంతును పిలిచారు, గిటారును మరిచారు

కొందరు కళాకారుల జాతకం చిత్రంగా వుంటుంది. వాళ్ళ సొంత సంపాదనంతా మరొకరి ఖాతాలో జమ అవుతుంది. రమణ గోగుల జాతకం అలాంటిదే. ఆయన పేరు చెప్పండి, "ఓహో, పవన్ కల్యాణ్ మ్యూజిక్ డైరెక్టరు కదూ" అంటారు. ఇంకాస్త గుర్తున్నవాళ్ళయితే "ఆ బొంగురు గొంతాయన" అంటారు. అంతటితో సరి. ఆ పాటలకు వరస కట్టిందెవరు, వాద్యాలు కూర్చిందెవరు, అన్నిటికన్నా ముందు వినబడే ఆ గిటారు వాయింపును తెలుగు సినిమా పాట నెత్తిన కూర్చోబెట్టిందెవరు అని అడిగేవాళ్ళు తక్కువ. నేటి నా గొడవ అదే.

2025 సంక్రాంతికి వెంకటేష్ సినిమా "సంక్రాంతికి వస్తున్నాం" వచ్చింది. అందులో గోదావరి గట్టు మీద సాగే యుగళగీతం ఒకటుంది. రాసింది భాస్కరభట్ల, స్వరపరిచింది భీమ్స్ సిసిరోలియో. మధుప్రియతో కలిసి పాడింది రమణ గోగుల. సినిమా కన్నా నెల ముందే, 2024 డిసెంబరులోనే పాట వచ్చేసి, పండగ నాటికి ముగ్గుల దగ్గర ఆడపిల్లలూ, కల్లాల దగ్గర పెద్దవాళ్ళూ కూడా కూనిరాగం తీసే స్థితికి చేరింది. "ఆహా, ఆ గొంతు మళ్ళీ వచ్చిందిరా" అని అందరూ సంబరపడ్డారు. నేనూ పడ్డాను. కాని సంబరం కాస్త చల్లారాక ఒక సంగతి తట్టింది. వచ్చింది గొంతు ఒక్కటే. వరస వేరొకరిది. బాగున్న వరసే, అందులో నాకు పేచీ లేదు. కాని పదకొండేళ్ళ తర్వాత మనం పిలుచుకున్నది ఆ మనిషిలో సగాన్నేనని ఎవరికీ తోచినట్టు లేదు.

మా సంగంలో ఈ విషయం మీద ఇప్పటికీ పంచాయతీ జరుగుతుంటుంది. నెల్లూరు నుంచి బుచ్చిరెడ్డిపాలెం మీదుగా ఆత్మకూరు పోయే రోడ్డు మా వూరి మీదుగానే పోతుంది. 1999, 2000 సంవత్సరాల్లో ఆ రోడ్డున తిరిగే ప్రైవేటు బండ్లలో, జీపుల్లో "తమ్ముడు" కేసెట్టు, దాని వెనకే "బద్రి" కేసెట్టు అరిగిపోయేదాకా మోగాయి. ఆ రోజుల్లో కాలేజీకి ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ పోయిన కుర్రాళ్ళకు ఇప్పుడు నలభై దాటాయి. పొట్టలొచ్చాయి, కొందరికి జుట్టు పోయింది. సాయంత్రం పూట టీకొట్టు బెంచీ మీద కూచుని ఒకరినొకరు పరీక్షించుకుంటారు.

"ఏందన్నా, తమ్ముడు అరవంలో ఏం పేరుతో తీశారో చెప్పు చూద్దాం?"

"బద్రి."

"మరి కన్నడంలో?"

"యువరాజ."

ఇందులో తమాషా ఏమిటంటే, "బద్రి" అన్నా "యువరాజు" అన్నా తెలుగులో రమణ గోగులే సంగీతం చేసిన వేరే రెండు సినిమాలు. రెండూ 2000లో వచ్చాయి. ఒకటి పూరీ జగన్నాథ్ తొలి చిత్రం, రెండోది వై.వి.ఎస్. చౌదరి దర్శకత్వంలో మహేష్‌బాబుది. మరుసటేడు "తమ్ముడు" కథ తమిళానికి పోయి విజయ్‌తో "బద్రి" అయింది, కన్నడానికి పోయి శివరాజ్‌కుమార్‌తో "యువరాజ" అయింది. రెండుచోట్లా సంగీతం ఈయనదే. ఇంత తికమకను తడబడకుండా విప్పగలిగిన వాడికి ఆ పూట టీ ఉచితం. అభిమానమంటే అట్లా వుండాలి. కాని అదే బెంచీ మీద "ఆ పాటల్లో నీకు నచ్చిందేమిటబ్బా" అని అడిగి చూడండి. హీరో ఎర్రగుడ్డ కట్టిన తీరూ, నడిచిన తీరూ, చేయి విదిలించిన తీరూ చెబుతారు. పాట చుట్టూ వున్నదంతా చెబుతారు.

అందుచేత పాట సంగతి నేనే చెబుతాను.

పాశ్చాత్య సంగీతంలో పవర్ పాప్ అని ఒక తరహా వుంది. ఆ మాటను 1967లో ద హూ బృందపు గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్ తమ పాటల గురించి చెబుతూ వాడాడు. లక్షణం చిన్నదే. వరస తియ్యగా, ఎవరైనా పాడుకునేటట్టు వుండాలి. గిటారు మాత్రం మొహమాటం లేకుండా గట్టిగా మోగాలి. డ్రమ్ము తిన్నగా నడవాలి. మూడు నాలుగు నిమిషాల్లో పని ముగించాలి. పంచదార పాకంలో పచ్చిమిరపకాయ వేసినట్టన్నమాట. ఈ తరహాకు మొదటినుంచీ ఒక శాపం వుంది. తేలిగ్గా వినబడుతుంది గనక తేలిగ్గా చేసేశారనుకుంటారు. అమెరికాలో మెంఫిస్ పట్టణంలో బిగ్ స్టార్ అనే బృందం 1972లో మొదటి రికార్డు వేసింది. పత్రికలు మెచ్చుకున్నాయి, దుకాణాలకు మాత్రం సరుకు సరిగ్గా చేరనే లేదు. ఆ రికార్డు శబ్దాన్ని స్టూడియోలో కూర్చుని చెక్కినవాడు క్రిస్ బెల్ అనే గిటారిస్టు. 1978లో కారు ప్రమాదంలో పోయాడు. ఇరవై ఏడేళ్ళు. తర్వాతి తరం గాయకులు వరసగా వచ్చి "మా గురువులు వీళ్ళే" అన్నారు గాని, వినడానికి ఆయన లేడు. మన రమణ గోగుల కథ అంత విషాదం కాదు లెండి. మహారాజులా వున్నాడు, వుండాలి కూడా.

మరో మాట. అక్కడ రికార్డుకి ప్రొడ్యూసర్ అంటే మన సినిమా నిర్మాతలాగా డబ్బుసంచీ పట్టుకున్నవాడు కాదు. ఏ వాద్యం ఎంత మోగాలి, గొంతు ముందుండాలా వెనకుండాలా, ఎక్కడ అంతా ఆగిపోయి ఒక్క తీగె వినబడాలి అని తేల్చేవాడు. మన దగ్గర ఆ పనికి వేరే పేరు లేదు. సంగీత దర్శకుడనే పేరులోనే అదీ కలిసిపోయింది. అంచేతే ఆ పని బాగా చేసినవాడికి విడిగా పేరు రాదు.

ఇక ఆ కాలం సంగతి గుర్తు చేసుకోండి. 1998-2000. "చూడాలని వుంది", "సమరసింహారెడ్డి"లతో మణిశర్మ తారస్థాయిలో వున్నాడు. కుటుంబ కథంటే ఎస్.ఎ. రాజ్‌కుమార్ వుండాల్సిందే, ఆయన పాటంటే వెనకాల అమ్మాయిల లాలలు వుండాల్సిందే. కోటి, కీరవాణి ఎటూ వున్నారు. రెహమాన్ డబ్బింగు పాటలు సరేసరి. దేవిశ్రీప్రసాద్ "దేవి"తో అప్పుడే అడుగుపెట్టాడు. ఇంతమంది మధ్యకు, అంతకు ముందే "ఆయే లైలా" అనే పాప్ ఆల్బమ్ వేసుకుని, మిస్టీ రిథమ్స్ అని సొంత బృందం పెట్టుకున్న విశాఖ కుర్రాడు వచ్చాడు. తొలి సినిమా 1998లో జయంత్ తీసిన "ప్రేమంటే ఇదేరా". హీరో వెంకటేషే.

గిటారు మన సినిమాకు కొత్తేమీ కాదు. క్లబ్బు పాటల కాలం నుంచీ వుంది. అసలు ఇళయరాజా అంతటివాడే జి.కె. వెంకటేష్ దగ్గర గిటారు వాయించినవాడు. కాని అప్పటిదాకా గిటారు పెళ్ళికొచ్చిన చుట్టం. వయొలిన్ల గుంపు పీటల మీద కూచుంటే అది పందిట్లో తిరుగుతుండేది. రమణ గోగుల దాన్ని పెళ్ళికొడుకుని చేశాడు. పాట గిటారు మీద పుట్టిందనీ, తక్కిన వాద్యాలు తర్వాత వచ్చి చేరాయనీ వినగానే తెలిసిపోతుంది. గిటారు పట్టుకుని నలుగురు స్నేహితులు మేడ మీద పాడుకున్నా ఆ పాట నిలబడుతుంది. ఆ కాలపు చాలా హిట్టు పాటల్ని అట్లా పాడి చూడండి, సగానికి చతికిలబడతాయి.

"తమ్ముడు" (1999) తీసుకోండి. అన్నకు దెబ్బ తగిలాక, పనికిమాలినవాడనిపించుకున్న తమ్ముడు ఒళ్ళు హూనం చేసుకుంటూ పోటీకి తయారయ్యే ఘట్టం. కథకు ఆయువుపట్టు. మరొకరయితే అక్కడ నూరుమంది కోరస్సూ, కొమ్ములూ, డోళ్ళూ పెట్టించి గూబలు పగలగొట్టేవారు. ఈయన అక్కడ పూర్తిగా ఇంగ్లీషు పాట పెట్టాడు, తనే పాడాడు! సంగం, ఆత్మకూరు, వింజమూరు జనం చూసే సినిమాలో ఇంగ్లీషు పాట. మాట ఒక్కటి అర్థం కాకపోయినా హాలు వూగిపోయింది. ఎందుకు? అందులో ధైర్యం మాటల్లో లేదు, గిటారులో వుంది. పట్టుదలను ఒకే వాయింపులో పెట్టి, మళ్ళీ మళ్ళీ అదే వాయిస్తూ పోయాడు. శిక్షణ అంటే అదే కదా, చేసిందే చేయడం. అదే సినిమాలో సునీతతో పాడిన యుగళగీతానికి వస్తే ఆ చెయ్యే ఎంత మెత్తబడిందో చూడండి. ఒకే మనిషి ఒకే కేసెట్టులో ఇంత దూరం నడిచాడు. దీన్ని "హీరో ఇమేజికి తగ్గ సంగీతం" అని ఒక్కమాటలో తోసెయ్యడం అన్యాయం.

దీనికి ఎదురు వాదన బలంగానే వుంది. మేం సింహపురి వాళ్ళం. తిక్కన నడిచిన నేల, బాలసుబ్రహ్మణ్యం పెరిగిన సీమ. మాకు ఉచ్చారణ పట్టింపు జాస్తి. "శకారం సరిగ్గా పలకనివాడి పాట నేను వినను" అని భీష్మించిన పెద్దమనుషులు మా వూళ్ళో ఇప్పటికీ వున్నారు. వాళ్ళ దృష్టిలో రమణ గోగుల పాడటం పాడటం కాదు, జలుబు. వాళ్ళ మాటలో కొంత నిజం లేకపోలేదు. పాదం చివర అక్షరాన్ని ఆయన పాశ్చాత్యుల మల్లే సాగదీస్తాడు. హ్రస్వం దీర్ఘమవుతుంది, దీర్ఘం మరేదో అవుతుంది. వరస ముందు పుట్టి మాట తర్వాత వచ్చి ఇరుక్కున్న చోట్లు చెవికి పట్టిస్తాయి. కవి ఎవరయినా సరే, ఆయన నోట పడ్డాక అందరిదీ ఒకే యాస. పల్లవిలో స్పానిష్ ముక్కకూ తెలుగు ముక్కకూ ఆయన దగ్గర ఒకటే మర్యాద. "బద్రి" వినండి, తెలుస్తుంది.

అయినా నేనాయన పక్షమే. బాలు పాట వింటే "ఆహా, ఎంత బాగా పాడాడు" అనిపిస్తుంది. రమణ గోగుల పాట వింటే "నేనూ పాడగలను" అనిపిస్తుంది. ఈ రెండో పని అల్పమైందేమీ కాదు. శాస్త్రీయం నేర్వని, శ్రుతి సంగతి తెలియని కుర్రాడు ఫుట్‌బోర్డు మీద గొంతెత్తాడంటే ఆ బొంగురు గొంతు ఇచ్చిన లైసెన్సు వల్లే. ఇంకో విశేషం. 2003లో "జానీ"లో "జగత్ జెట్టీలు" (1970) నాటి బాలు, సుశీలల యుగళగీతాన్ని కొత్తగా చేయించారు. పాతపాట జోలికి పోతే చేతులు కాల్చుకునేవాళ్ళే ఎక్కువ. ఈయన పాత వరసను పాడుచెయ్యకుండా, దాని కింద తన తీగెల్ని పరిచి వూరుకున్నాడు. సినిమా బోల్తా పడింది గాని, ఆ కేసెట్టు చాలా ఇళ్ళలో చాలాకాలం బతికింది. ఎప్పుడు తగ్గాలో తెలిసినవాడికే పని తెలుసని నా లెక్క.

తర్వాతి సంగతి త్వరగా చెప్పేస్తాను, అందులో చెప్పుకోవలసింది తక్కువ గనక. "లక్ష్మి" (2006), "అన్నవరం" (2006), "యోగి" (2007). ఆడాయి, మోగాయి. మాస్ సినిమా డప్పు వచ్చి గిటారును మళ్ళీ పందిట్లోకి నెట్టింది. అందరూ చేసే పాటల్నే ఈయనా చేశాడు, అందరికన్నా బాగా మాత్రం కాదు. అభిమానులు ఒప్పుకోరు గాని, "యోగి" నాటికి కేసెట్టు మీద పేరు తీసేస్తే ఎవరిదో చెప్పడం కష్టమయింది. "వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్" (2013) తర్వాత సినిమా సంగీతం ఆగిపోయింది. ఆయనకు మొదటినుంచీ ఉద్యోగం వేరే వుంది. సాంకేతిక సంస్థల్లో పెద్ద పదవులు, అమెరికా కాపురం. మద్రాసులో వాద్యబృందాల్లో చేరి, అసిస్టెంటుగా పదేళ్ళు అరిగి పైకి వచ్చిన బాపతు కాదు. అదే ఆయన బలం, అదే బలహీనత. రూల్సు తెలియక కొత్తది చేశాడు. అదే పని మీద బతకాల్సిన అగత్యం లేక వదిలేసి పోగలిగాడు. ఆయన వదిలేసిన చోటు ఆయన కోసం ఖాళీగా వుందా అంటే, పరిశ్రమ ఎవరి కోసమూ కుర్చీ పట్టుకుని కూచోదు.

అందుకే గోదారి పాట విన్నప్పుడల్లా నాకు సంతోషంతో పాటు చిన్న వెలితి. ఆ గొంతులో వయసు వచ్చి కాస్త గరుకు పెరిగింది, మరింత అందగించింది. కాని పాటలో ఎక్కడ ఆగాలో, ఎక్కడ తీగె మీద దెబ్బ పడాలో నిర్ణయించింది ఆయన కాదు. మా టీకొట్టు బెంచీ వాళ్ళకు ఈ మాట చెబితే ఒకాయన "పోనీలే సార్, మనిషొచ్చాడు గదా" అన్నాడు. రెండో ఆయన మాత్రం ఫోను తీసి "తమ్ముడు"లో ఆ ఇంగ్లీషు పాట పెట్టాడు. మాటలు మొదలయ్యేలోపలే పక్కన లారీ కడుగుతున్న కుర్రాడు, పాతికేళ్ళు కూడా వుండవు, పైపు పట్టుకునే "అన్నా, ఈ గిటారెవరిది?" అని అడిగాడు.