పత్రదర్శిని: చూపుటకును చదివించుటకును గల భేదము

అచ్చుపుస్తకము ఒకసారి పాఠకుని చేతికి వచ్చినచో దానిలోని అక్షరములు మారవు. కంప్యూటరు తెరపై చదువుకొను పుస్తకమునకు అట్టి హామీ లేదు. ఉపాధ్యాయుడు తన కంప్యూటరులో చక్కగా సరిచూచి పాఠశాల వెబ్‌సైటులో పెట్టిన పాఠము ఒక విద్యార్థికి తెల్లని పుటగా కనిపించవచ్చును. మరియొకనికి తెలుగునకు మారుగా అర్థములేని ఇంగ్లీషు అక్షరములు కనిపించవచ్చును. వేరొకనికి అసలే తెరచుకొనకపోవచ్చును. అప్పుడు అందరును "ఫైలు చెడిపోయినది" అందురు. కాని చాల సందర్భములలో ఫైలు చెడియుండదు. లోపము ఎక్కడ ఉన్నదో తెలిసికొనవలెనన్న, మనకును ఫైలునకును నడుమ నిలిచి పనిచేయు పత్రదర్శిని అను సాధనమును పరీక్షింపవలెను. అట్టి సాధనములలో మిక్కిలి ప్రచారమునందున్న పి.డి.ఎఫ్. డాట్ జె.ఎస్. అనుదాని గుణదోషములను ఇచ్చట విచారింతము.

పి.డి.ఎఫ్. అను పత్రరూపమును అడోబీ సంస్థ 1993లో వెలువరించినది. ఏ యంత్రముపై చూచినను పుట ఒకే విధముగా కనిపించవలెననుట దాని ఆశయము. 2008లో అది ఐ.ఎస్.ఓ. 32000 అను అంతర్జాతీయ ప్రమాణమైనది. మొదట బ్రౌజరులో పి.డి.ఎఫ్. చూడవలెనన్న బయటి ప్రోగ్రామునొకదానిని తెచ్చి బ్రౌజరునకు తగిలింపవలసి వచ్చెడిది. అట్టి తగిలింపులు బరువైనవి. వానిలోని రంధ్రములగుండ దుష్ట ప్రోగ్రాములు కంప్యూటరులోనికి చొరబడుటయు కలదు. మొజిల్లా సంస్థవారు 2011లో వేరొక మార్గము తొక్కిరి. వెబ్ పుటలను నడుపు జావాస్క్రిప్టు భాషలోనే పి.డి.ఎఫ్.ను చదివి చిత్రించు ప్రోగ్రామును వ్రాయ నారంభించిరి. 2013 ఫిబ్రవరిలో వెలువడిన ఫైర్‌ఫాక్స్ 19లో అది బ్రౌజరుతోపాటే లభించినది. దీని మూలము అపాచీ లైసెన్సు క్రింద అందరికిని తెరచియున్నది. కనుక ఏ పాఠశాలయైనను, ఏ గ్రంథాలయమైనను దీనిని తన వెబ్‌సైటులో ఉచితముగా నెలకొల్పుకొనవచ్చును. ఇది సామాన్యమైన మేలు కాదు.

దీని పనితీరు తెలిసినచో లోపములను వెదకుట సులభమగును. ఇందు మూడు భాగములు కలవు. మొదటిది పనివాడు. ఇది తెరవెనుక వేరుగా నడుచుచు ఫైలును విప్పి, దానిలోని ఆజ్ఞలను చదువును. రెండవది చిత్రకారుడు. ఈ భాగము ఆ ఆజ్ఞల ప్రకారము కాన్వాసు అను ఫలకముపై పుటను గీయును. మూడవది దర్శిని ముఖభాగము. అనగా పుటలు త్రిప్పు మీటలు, వెదకు పెట్టె మొదలగునవి. గీసిన పుట కేవలము బొమ్మ. బొమ్మలోని మాటలను ఎన్నుకొనుటకు గాని, వెదకుటకు గాని వీలులేదు. కనుక ఆ బొమ్మపై కంటికి కనిపించని అక్షరముల పొరనొకదానిని పరచెదరు. మనము వేలితో మాటను ఎన్నుకొనునప్పుడు నిజముగా తాకునది ఈ పొరనే. బొమ్మ యొకటి, అక్షరముల పొర యొకటి అను ఈ విషయమును పాఠకులు గుర్తుంచుకొనవలెను. ముందు చెప్పబోవు తెలుగు చిక్కులన్నియు ఇందులోనుండియే పుట్టినవి.

ముందుగా నెలకొల్పుటలోని చిక్కులు. పనివాని ఫైలును, చిత్రకారుని ఫైలును ఒకే సంచికకు చెందినవై యుండవలెను. ఒకటి పాతది, మరియొకటి క్రొత్తది అయినచో దర్శిని పనిచేయ నిరాకరించి, రెండు సంచికల సంఖ్యలను చూపి అవి సరిపోలుట లేదని స్పష్టముగా చెప్పును. ఇది మెచ్చదగిన పద్ధతి. కాని అన్ని చోట్ల ఇట్టి స్పష్టత లేదు. నాలుగవ సంచికనుండి ఈ ఫైళ్ల పేర్ల చివర డాట్ ఎం.జె.ఎస్. అను క్రొత్త తోక వచ్చినది. ఇది జావాస్క్రిప్టే యని తెలియని పాత సర్వరులు దానిని వేరు రకపు ఫైలుగా పంపును. అప్పుడు బ్రౌజరు దానిని నడుపుటకు ఒప్పుకొనదు. మీటలున్న పట్టీ చక్కగా కనిపించును గాని ఏ మీటయు పనిచేయదు. సర్వరు అమరికలో ఒక్క పంక్తి చేర్చిన చాలును. ఆ సంగతి తెలియనివాడు దినమంతయు ఫైలునే అనుమానించును. అట్లే దర్శినిని ప్రయోగశాల కంప్యూటరులోనికి దించుకొని దాని పుటను నేరుగా డిస్కునుండి తెరచినను పనిచేయదు. అది ఏదో ఒక సర్వరు ద్వారా రావలెను.

ఇక లోపములను తెలుపు సందేశముల సంగతి. ఫైలు లేనిచోట "ఫైలు లేదు" అను భావముగల సందేశము వచ్చును. సరియైనదే. కాని ఒక వెబ్‌సైటు పేరు, సంకేతపదము అడుగునదని అనుకొందము. విద్యార్థి ప్రవేశము గడువు తీరిపోయినచో సర్వరు పాఠమునకు బదులు ప్రవేశపు పుటను పంపును. అట్లు పంపుచు, అంతయు సరిగానే ఉన్నదను అర్థముగల 200 అను సంఖ్యను కూడ జతచేయును. దర్శిని ఆ వెబ్ పుటను పి.డి.ఎఫ్. అనుకొని విప్పబోయి, విఫలమై, "చెల్లని లేక పాడైన పి.డి.ఎఫ్. ఫైలు" అని తీర్పు చెప్పును. విద్యార్థి ఉపాధ్యాయునితో ఫైలు పాడైనదని మొరపెట్టుకొనును. ఉపాధ్యాయుడు చూడగా అది బాగుగనే తెరచుకొనును, ఏలయన ఆయన ప్రవేశము గడువు తీరలేదు.

ఇది విమర్శింపదగిన లోపము. పి.డి.ఎఫ్. ఫైలు మొదటనే శాతపు గుర్తును, వెంట పి, డి, ఎఫ్ అను మూడు అక్షరములును ఉండవలెను. వెబ్ పుట మొదటి గుర్తు వేరు. కనుక వచ్చినది పి.డి.ఎఫ్. కాదు, వెబ్ పుట అని చెప్పుట కష్టమైన పని కాదు. రోగమేమో తెలియనప్పుడు వైద్యుడు తెలియలేదని చెప్పినచో నష్టము తక్కువ. మంచివానిని రోగియని చెప్పుట వలన ఎక్కువ నష్టము కలుగును.

రెండవ ఆక్షేపణ డబ్బుతో ముడివడినది. ఫోనులో డేటాను లెక్కచూచుకొని వాడు విద్యార్థులు మనలో ఎందరో కలరు. 200 పుటలు గల, 60 మెగాబైట్ల ఫైలు నొకదానిని తీసికొందము. విద్యార్థికి కావలసినది పదియవ పుట మాత్రమే. దర్శిని ఫైలును 64 కిలోబైట్ల ముక్కలుగా అడిగి తెచ్చుకొనగలదు. అట్టి ముక్కలు ఈ ఫైలులో 960 ఉండును. సగటున పుటకు అయిదు. ఎంత పొదుపు! కాని ఇందుకు సర్వరు సహకరింపవలెను. ముక్కలుగా ఇయ్యగలనని అది ముందే ప్రకటింపవలెను. ఫైలు మొత్తము పొడవు చెప్పవలెను. దారిలో ఫైలును కుదించి పంపరాదు. ముక్కను పంపునప్పుడు 206 అను సంఖ్యతో బదులియ్యవలెను. ఫైలు వేరొక సర్వరులో ఉన్నచో ఆ సర్వరు తన అనుమతిని తెలుపుటయే గాక, ఈ ప్రకటనలను దర్శిని చదువుటకును అనుమతింపవలెను. వీనిలో ఏ ఒక్కటి తప్పినను ఈ పొదుపు కలుగదు; చాల సందర్భములలో దర్శిని నోరు మెదపక 60 మెగాబైట్లను సాంతము దించుకొనును.

సర్వరు సహకరించినను పొదుపు కలుగునని చెప్పజాలము. దర్శిని సహజ స్థితిలో, మనము పదియవ పుట చదువుచుండగా, మిగిలిన ముక్కలను కూడ వెనుకనుండి తెచ్చుచునే యుండును. తరువాతి పుటలు తక్షణము తెరచుకొనవలెననుట దాని ఉద్దేశము. విరివిగా డేటా గలవారికి ఇది సౌకర్యమే, లేనివారికి నష్టము. దీనిని మాన్పుటకు "డిజేబుల్ ఆటో ఫెచ్" అను అమరిక కలదు. కాని అది యొక్కటే చాలదు; "డిజేబుల్ స్ట్రీమ్" అను రెండవ అమరికను కూడ మార్చవలెను. మొదటిదానిని మార్చి రెండవదానిని మరచినవారు పని ముగిసినదనుకొందురు; విద్యార్థి డేటా మాత్రము ఎప్పటివలెనే ఖర్చగుచుండును. ఒక మాట వెదకవలెనన్న అన్ని పుటలను చదువక తప్పదు గనుక అప్పుడు పూర్తి ఫైలు కావలసియే యుండును. అది మన కోరికపై జరుగు ఖర్చు. కోరకుండ జరుగు ఖర్చునే నేను ఆక్షేపించుచున్నాను.

మూడవది తెలుగు పాఠకులకు అన్నిటికంటె ముఖ్యమైనది. పి.డి.ఎఫ్. ఫైలులో సామాన్యముగా ఉండునవి అక్షరములు కావు, అక్షరముల ఆకారములు. ఫలాని ఫాంటులో ఫలాని సంఖ్యగల ఆకారమును ఫలాని చోట గీయుమని మాత్రమే అందు వ్రాసియుండును. ఆ ఆకారము ఏ అక్షరమునకు గుర్తో తెలుపు పట్టిక వేరుగా ఉండవచ్చును, లేకపోవచ్చును. ఉన్నను తప్పుగా ఉండవచ్చును.

"స్త్రీ" అను మాటను చూడుడు. యూనికోడులో ఇది ఆరు సంకేతముల వరుస: స, పొల్లు, త, పొల్లు, ర, చివరకు ఈకారపు గుడి. కాని కంటికి గుడి కనిపించునది సకారము తలపైననే; తవత్తు, రవత్తు దాని తరువాత వచ్చును. ఆకారములను కనిపించిన వరుసలోనే అక్షరములుగా మార్చినచో గుడి ముందు, వత్తులు వెనుక అగును. బొమ్మలో మాట నిర్దోషముగా ఉండును. వెదకు పెట్టెలో "స్త్రీ" అని వ్రాసినచో మాట దొరకదు. ఇక యూనికోడు వాడుకలోనికి రాకపూర్వపు పద్ధతి ఫాంటులతో కూర్చిన పుస్తకముల స్థితి మరియు కష్టము. వానిలో ఇంగ్లీషు అక్షరముల స్థానములలో తెలుగు ఆకారములను పెట్టినారు. అట్టి ఫాంటును ఫైలులో ఇమిడ్చినచో బొమ్మ తెలుగుగా కనిపించును, నకలు తీసినచో ఇంగ్లీషు గుర్తుల గుంపు వచ్చును. ఇమిడ్చకపోయినచో దర్శిని వేరొక ఫాంటును వాడును. బొమ్మయే ఇంగ్లీషు గుంపుగా మారును.

ఇందువలన నిజముగా నష్టపోవువాడెవడు? కన్నులున్న విద్యార్థి వెదకలేకపోయినను చదువుకొనగలడు. చూపులేని విద్యార్థి తెరను చదివి వినిపించు ప్రోగ్రాముపై ఆధారపడును. ఆ ప్రోగ్రాము బొమ్మను చూడదు. అక్షరముల పొరనే చదువును. పొర తప్పైనచో అతనికి పాఠము లేనట్లే. పాఠము పెట్టిన ఉపాధ్యాయునికి ఆ సంగతి తెలియనే తెలియదు, ఏలయన ఆయన చూచినది బొమ్మ. పొర తప్పగుట దర్శిని దోషము కాదు. ఫైలు తయారుచేసినవారి దోషము. కాని తెలుగుగా కనిపించు పుటక్రింద తెలుగు అక్షరమొక్కటియు లేనప్పుడు "ఇందులోని మాటలు వెదకుటకు పనికిరావు" అను హెచ్చరిక యొకటి ఉండదగును. దర్శిని మీటలపై తెలుగు మాటలు కలవు. తెలుగు పాఠకునికి అంతకంటె అవసరమైన ఈ మాట ఆ మీటలలో లేదు.

సురక్షితత్వమును గూర్చియు ఒక మాట. పాత తగిలింపులకంటె ఇది క్షేమకరమనుట నిజము. పూర్తిగా నిరపాయమనుట నిజము కాదు. ఫాంటులోని కొలతల పట్టికలో సంఖ్యలకు బదులు వేరేదైన ఉన్నదా అని పరీక్షింపకపోవుట వలన, దుష్టుడు తయారుచేసిన ఫైలు తన స్వంత జావాస్క్రిప్టును నడిపింపగల దోషము 2024లో బయటపడినది. ఫైర్‌ఫాక్స్ 126లోను, దర్శిని 4.2.67 సంచికలోను దానిని సరిదిద్దిరి. బ్రౌజరు తనంతట తాను క్రొత్తదగును. వెబ్‌సైటులో మనము నెలకొల్పిన ప్రతి మాత్రము మనము మార్చువరకు పాతదిగనే యుండును. ఉచితముగా వచ్చినదానికి కూడ పోషణ అవసరమని నిర్వాహకులు గ్రహింపవలెను.

ఉపాధ్యాయులు, విద్యార్థులు లోపమును వెదకుటకు శాస్త్రీయమైన క్రమము ఒకటున్నది. ఒక్కొక్క మారు ఒక్క అంశమునే మార్చి చూడవలెను. మొదట అదే దర్శినిలో వేరొక ఫైలును తెరువుడు. అది తెరచుకొన్నచో దర్శిని అమరిక సరియైనదే. తరువాత చిక్కు పెట్టిన ఫైలును దించుకొని వేరొక ప్రోగ్రాములో తెరువుడు; అచ్చట తెరచుకొన్నచో ఫైలు మంచిదే, దారిలోనో సర్వరులోనో చిక్కున్నది. అప్పుడు బ్రౌజరులోని నెట్‌వర్కు పట్టికలో 200, 206, 404 లలో ఏ సంఖ్య వచ్చినదో, వచ్చినది పి.డి.ఎఫ్.యో వెబ్ పుటయో చూడుడు. చివరగా, పాఠమును పెట్టుటకు ముందు అందులో కంటికి కనిపించు ఒక సంయుక్తాక్షరపు మాటను వెదకుడు. ఒక పంక్తిని నకలు తీసి వేరొకచోట అతికించుడు. మాట దొరకి, పంక్తి తెలుగుగా వచ్చినచో పొర చాలవరకు సరిగానున్నట్లు. రెండు నిమిషముల పని ఇది.

మొత్తముమీద పి.డి.ఎఫ్. డాట్ జె.ఎస్. గొప్ప సాధనము. పుటను చూపు పనిలో దానిని తప్పుపట్టుటకు అవకాశము తక్కువ. చదివించు పనిలో మాత్రము అది ఇంకను ముందుకు రావలసియున్నది: లోపము ఎక్కడనో సూటిగా చెప్పవలెను, కోరని డేటాను తేరాదు, పనికిరాని అక్షరపొరను గుర్తించి హెచ్చరింపవలెను. దాని మూలము తెరచియున్నది గనుక ఈ మూడు పనులకును ఎవరి అనుమతియు అక్కరలేదు. జావాస్క్రిప్టు నేర్చుకొనుచున్న మన విద్యార్థులు పాఠ్యాంశములోని అభ్యాసములు ముగిసిన పిదప దీని మూలమును విప్పి చూతురు గాక. స్త్రీ అను మాటను సరిగా వెదకగల దర్శినిని తయారుచేయువారు తెలుగు చదివినవారై యుండుట సహజము.