డ్రైవర్ లేని బండి – కథకుని ముందున్న ప్రశ్న

యంత్రాన్ని గురించి మన అభ్యుదయ రచయితల్లో రెండు దృష్టులు స్థిరపడిపోయాయి. యంత్రం మనిషిని మింగే రాక్షసి అన్నది ఒకటి. యంత్రం చరిత్రను ముందుకు లాగే రథం అన్నది రెండోది. రెండూ యంత్రాన్నే చూస్తాయి తప్ప దానిమీద బతికే మనిషిని చూడవు. డ్రైవర్ లేని లారీలు దిగుతున్న ఈ కాలంలో ఈ లోపం మరింత స్పష్టమవుతున్నది.

ఆస్ట్రేలియాలోని పిల్‌బరా ఇనుప గనుల్లో రియో టింటో కంపెనీ 2008లోనే డ్రైవర్ లేని ట్రక్కులను పరీక్షకు దింపింది. వాటి అదుపు ఇప్పుడు సుమారు 1500 కిలోమీటర్ల దూరంలో, పెర్త్ నగరంలో ఉన్నది. చైనాలోని యీమిన్ బొగ్గు గనిలో 2025లో అలాంటివి 100 ఒక్కసారే దిగాయి. మన కేంద్ర రవాణా మంత్రి నితిన్ గడ్కరీ మాత్రం, డ్రైవర్ల ఉపాధి పోతుంది కనుక డ్రైవర్ లేని కార్లను దేశంలోకి రానివ్వనని 2017లోనూ 2023లోనూ ప్రకటించారు.

ఈ మాటతో గోదావరిఖని డ్రైవర్ నిశ్చింతగా ఉండవచ్చునా? సింగరేణి అనుభవం అలా చెప్పదు. తట్టా చెమ్మస్ పట్టిన ఫిల్లర్ స్థానంలోకి బొగ్గెత్తే యంత్రం వచ్చింది. భూగర్భ గనుల పక్కన ఓపెన్‌కాస్టులు పెరిగాయి. మట్టి తీసే పని ప్రైవేటు కాంట్రాక్టర్ల చేతికి పోయింది. 1990ల మొదట్లో లక్ష దాటిన పర్మినెంటు కార్మికుల సంఖ్య నేడు 40 వేల దరిదాపుల్లో ఉన్నది. ఇదంతా డ్రైవర్ ఉన్న బండ్లతోనే జరిగింది!

ఓపెన్‌కాస్టులో ఇద్దరు డ్రైవర్లున్నారు. ఒకరు కంపెనీ డంపర్ ఆపరేటర్. రెండోవారు కాంట్రాక్టరు టిప్పర్ నడిపే, సగం జీతమైనా గ్యారంటీ లేని మనిషి. ఎక్కడ శ్రమ ఖరీదైనదో పెట్టుబడి అక్కడికే ముందుగా యంత్రాన్ని తెస్తుంది. కనుక టిప్పర్ డ్రైవర్ సీటును కాపాడుతున్నది మంత్రి మాట కాదు, అతని చౌక కూలి. కూలి పెంచమని అతడు పోరాడి గెలిస్తే, ఆ గెలుపే యంత్రానికి దారి చూపవచ్చు. అసలు వైరుధ్యం ఇక్కడున్నది.

యంత్రాన్నీ, దాన్ని పెట్టుబడి వాడుకునే తీరునూ వేరుచేసి చూడటానికి కార్మికులకు కాలమూ అనుభవమూ పట్టాయని మార్క్స్ 'పెట్టుబడి'లో అన్నాడు. మన డ్రైవర్లు ఆ తేడాను తమ మాటల్లోనే చెబుతున్నారు. మా బడి పిల్లల తండ్రుల్లో డంపర్లు నడిపేవారున్నారు. "నా కొడుకు ఈ సీట్ల కూసోవద్దు సారూ, గని ఈ సీటు పోవద్దు" అన్నారొకరు. నడుం నొప్పి, దుమ్ము, రాత్రి షిఫ్టులో తెల్లవారుజామున కమ్ముకొచ్చే నిద్ర – ఇవి పోవాలని ఆయన కోరిక. కానీ వారసత్వ ఉద్యోగాల కోసం 2017 జూన్‌లో సమ్మె చేసిన గడ్డ ఇది. ఇక్కడ ఉద్యోగమంటే ఇంటి ఆస్తి. డ్రైవర్ లేని బండికి వారసుడుండడు.

ఆ ఒక్క వాక్యంలో యంత్రం రాక్షసీ కాదు, రథమూ కాదు. యంత్రం వల్ల మిగిలే విశ్రాంతి ఎవరికి, తగ్గే ఖర్చు ఎవరి జేబుకు అన్న ప్రశ్న అందులో ఉన్నది. దీన్ని నినాదంగా మార్చడం తేలిక, పాత్రగా మలచడమే కష్టం.

అల్లం రాజయ్య, తుమ్మేటి రఘోత్తమరెడ్డి, పి. చంద్ గని కార్మికుణ్ణి జాలిపడవలసిన బొమ్మగా కాక, ఆలోచించే మనిషిగా తెలుగు పాఠకుని ముందు నిలబెట్టారు. ఆ సంప్రదాయాన్ని కొనసాగించవలసిన కొత్త రచయిత పర్మినెంటు కార్మికుని క్వార్టర్ దగ్గరే ఆగిపోరాదు. బీహారు, జార్ఖండ్‌ల నుంచి వచ్చి కాంట్రాక్టరు షెడ్డులో పడుకునే టిప్పర్ డ్రైవర్ దాకా పోవాలి. పాత పనిని స్వర్గంగా చూపి యంత్రాన్ని తిట్టే కథ, ఆ డ్రైవర్ నడుం నొప్పిని దాచిపెడుతుంది. యంత్రాన్ని పొగిడే కథ అతని ఆకలిని దాచిపెడుతుంది. ఈ రెంటినీ ఒకే మనిషిలో చూపగలిగిన కథే మనకిప్పుడు కావలసినది.