అహజ్యా వయస్సు, యోసేపు తండ్రి: బైబిలు వైరుధ్యాలపై ఒక పరిశీలన

క్రైస్తవులతో మతచర్చ ప్రసక్తి వచ్చినప్పుడల్లా ముస్లిం ప్రచురణలలో ఒక జాబితా ప్రత్యక్షమవుతుంది. బైబిలులో ఒకచోట ఇలా ఉంది, మరొకచోట అలా ఉంది అని ఎడమ పక్క ఒక వచనం, కుడి పక్క ఒక వచనం. అడుగున, దైవవాక్కులో ఇలాంటివి ఉండవచ్చునా అన్న ప్రశ్న. ఉర్దూలోనైనా తెలుగులోనైనా ఇటువంటి జాబితాలు చాలావాటి వెనుక ఉన్నది మౌలానా రహ్మతుల్లాహ్ కైరానవీ (1818-1891) అరబీలో రచించిన 'ఇజ్హారుల్ హఖ్'. మౌలానా నూటికి పైగా వైరుధ్యాలను, దాదాపు అన్నే పొరపాట్లను అందులో వరుసగా చూపించారు. కాగా ఆయన గ్రంథంలోని వాదక్రమం కరపత్రాలలోకి రాలేదు. వచ్చింది జాబితా ఒక్కటే.

ఆ వాదక్రమం ఏమిటో ముందు గమనించాలి. 'ఇజ్హారుల్ హఖ్' మొదటి అధ్యాయంలో వైరుధ్యాల ప్రకరణం కంటే ముందు మరొక ప్రకరణం ఉంది. పాత, కొత్త నిబంధనల గ్రంథాలలో దేనికీ రచయిత దాకా తెగకుండా సాగే సనద్, అంటే ఎవరి నుండి ఎవరు విని అందించారన్న పరంపర, లేదన్నది అక్కడి వాదం. వైరుధ్యాల చర్చ ఆ తరువాతే వస్తుంది. ఈ గ్రంథాలు యావత్తూ దైవప్రేరితమని చెప్పే అవకాశం లేదన్న నిర్ధారణ దానికీ తరువాతది. హదీసు విద్య అభ్యసించిన పండితుడు వేసుకునే వరుస ఇది. సనద్‌ను వదిలేసి వైరుధ్యాలను మాత్రమే పట్టుకుంటే చిన్నదీ పెద్దదీ ఒకే దారానికి గుచ్చబడతాయి. ఆ జాబితాలోనే ఉన్న రెండు అంశాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ సంగతి తేటపడుతుంది.

మొదటిది యూదా రాజు అహజ్యా వయస్సు. రాజుల రెండవ గ్రంథం (8:26) ప్రకారం అతడు సింహాసనం ఎక్కినప్పుడు 22 ఏండ్లవాడు. దినవృత్తాంతముల రెండవ గ్రంథం (22:2) హెబ్రీ పాఠంలో 42 అని ఉంది. తేడా అంతటితో ఆగదు. అతని తండ్రి యెహోరాము 32వ ఏట రాజై 8 సంవత్సరాలు పాలించి మరణించినట్లు దినవృత్తాంతములే (21:20) చెబుతున్నది. అంటే తండ్రి 40వ ఏట చనిపోయాడు. వెంటనే గద్దెనెక్కిన కొడుకుకు 42! పైగా అహజ్యా కొడుకులందరిలో కడపటివాడు. కొడుకు తండ్రికంటే రెండేండ్లు పెద్దవాడైన ఈ లెక్క సభలో వినిపించగానే నవ్వులు పుట్టించగలదు. అందుకే వక్తలకు ఇది ఇష్టం.

అయితే దీని బరువెంత? సిరియా భాషలోని పురాతన అనువాదంలో, కొన్ని గ్రీకు ప్రతులలో ఇక్కడ 22 అనే ఉంది. ఎక్కడో ఒక లేఖకుని చేతిలో అంకె మారిందనడానికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కరలేదు. ఇది నకలు రాసేవాని పొరపాటు. అతడు కావాలని మార్చాడనడానికి ఆధారం లేదు. మార్చడం వల్ల ఎవరికీ ఒరిగేది కూడా లేదు.

1854 ఏప్రిల్ 10, 11 తేదీలలో ఆగ్రాలో మౌలానాకు, పాదరీ ఫాండరుకు జరిగిన వాదం నిజానికి ఇక్కడే చిక్కుకుంది. మౌలానా పక్షాన డాక్టర్ వజీర్ ఖాన్ ఉన్నారు. యూరపులో బైబిలుపై వెలువడిన విమర్శ గ్రంథాలు ఆయనకు పరిచితం. ప్రతులలో లేఖకుల పొరపాట్లు కొన్నిచోట్ల దొర్లాయని ఫాండరు అంగీకరించాడు; మూల సిద్ధాంతానికి దానివల్ల హాని లేదన్నాడు. అంగీకరించడంతోనే తహ్రీఫ్ రుజువైందని ముస్లిం పక్షం ప్రకటించింది. ఐదు అంశాలపై జరగవలసిన చర్చ రెండు రోజులతో ముగిసిపోయింది. పాదరీ ఒప్పుకున్నది ఒకటి, సభికులు విన్నది మరొకటి. తహ్రీఫ్ అన్న ఒక్క పదం రెండు పనులు చేయవలసి వచ్చింది.

ఆ పదం ఎప్పుడూ ఒకే అర్థంలో వాడబడలేదు. ఇబ్నె హజ్మ్ (మరణం 1064) దాన్ని అక్షరాల మార్పుగానే తీసుకుని 'అల్ ఫిసల్'లో తీవ్రంగా వాదించాడు. దీనికి భిన్నంగా షాహ్ వలీయుల్లాహ్ (1703-1762) 'అల్ ఫౌజుల్ కబీర్'లో, యూదులు పదాలను మార్చింది తౌరాతు అనువాదంలోనే గాని దాని మూలంలో కాదన్న అభిప్రాయానికి మొగ్గారు. భారతదేశపు ముస్లిం పండితులలో అంతటి స్థానం ఉన్నవారి మాట ఇది. కరపత్రాలలో దాని ఊసే కనిపించకపోవడం ఆశ్చర్యం.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. హజ్రత్ జాబిర్ (రజి) వద్ద ప్రవక్త (స) ఒంటెను కొన్న సంఘటన హదీసు విద్యార్థులకు సుపరిచితం. దాని ధర ఒక ఊఖియా అని ఒక ఉల్లేఖనం, నాలుగు దీనార్లని మరొకటి, ఇరవై దీనార్లని ఇంకొకటి. ఇమామ్ బుఖారీ ఈ తేడాలను దాచలేదు. స్వయంగా ఎత్తి చూపారు. ధరలో తేడా ఉన్నంత మాత్రాన ఒంటె కొనుగోలే జరగలేదని ముస్లిం పండితులు అనలేదు. ఈ న్యాయం అహజ్యా వయస్సుకు వర్తించదని ఎలా అనగలం? ఒక జాతిపై ఉన్న వైరం న్యాయం తప్పేలా చేయరాదన్న మాయిదా సూరా 8వ ఆయత్ ఆదేశం వాదనలకూ వర్తిస్తుంది.

రెండవ అంశం స్వభావం వేరు. మత్తయి సువార్త మొదటి అధ్యాయం, లూకా సువార్త మూడవ అధ్యాయం ఈసా (అ.స.) వంశావళిని ఇస్తున్నాయి. రెండూ యోసేపు ద్వారానే సాగుతాయి. యోసేపు తండ్రి మత్తయిలో యాకోబు, లూకాలో హేలీ. దావీదు నుండి మత్తయి సొలొమోను శాఖను పట్టుకుంటే లూకా నాతాను శాఖను పట్టుకున్నాడు. మధ్యలో షయల్తీయేలు, జెరుబ్బాబెలు అన్న ఇద్దరి దగ్గర మాత్రం శాఖలు కలిసి మళ్ళీ విడిపోతాయి. ఆ షయల్తీయేలు తండ్రి కూడా ఒకచోట యెకొన్యా, ఒకచోట నేరి. దావీదు తరువాత ఈసా దాకా మత్తయిలో 27 పేర్లు, లూకాలో 42. ఏ లేఖకుడూ కునికిపాటులో ఇంత తేడా తేలేడు.

మత్తయి తన పట్టికను పద్నాలుగేసి తరాల మూడు భాగాలుగా విభజించానని తానే చెప్పాడు. రెండవ భాగంలో ఆ లెక్క కుదరడం కోసం ముగ్గురు రాజులు జారిపోయారు. యెహోరాముకు ఉజ్జియా పుట్టినట్లుగా ఉంది గాని, నడుమ అహజ్యా, యోవాషు, అమజ్యా ఉన్నారని పాత నిబంధనే చెబుతున్నది. వయస్సు తగాదాలో ఉన్న అహజ్యా ఇక్కడ మనిషే మాయమయ్యాడు. అంత చేసినా, మూడవ భాగంలో యెకొన్యా తరువాత ఈసా పేరుతో కలిపి పదమూడే వస్తాయి.

దీనికి క్రైస్తవుల వద్ద సమాధానాలు లేకపోలేదు. మూడవ శతాబ్దపు జూలియస్ ఆఫ్రికానుస్ ఇచ్చిన సమాధానాన్ని యూసేబియస్ తన చర్చి చరిత్రలో భద్రపరిచాడు. హేలీ, యాకోబు ఒకే తల్లి బిడ్డలు. హేలీ సంతానం లేకుండా చనిపోతే ధర్మశాస్త్రం ప్రకారం అతని భార్యను యాకోబు వివాహమాడాడు. కనుక యోసేపు పుట్టుకను బట్టి ఒకరి కొడుకు, చట్టాన్ని బట్టి మరొకరి కొడుకు. తెలివైన సమాధానమే. కాని ఈ విషయం రెండు సువార్తలలో ఎక్కడా లేదు, షయల్తీయేలు దగ్గర ఇదే చిక్కు మళ్ళీ ఎదురవుతుంది. లూకాది మర్యమ్ వంశావళి అన్నది నేడు ఎక్కువగా వినిపించే మాట. లూకా వాక్యంలో మర్యమ్ పేరు లేదు. గ్రీకులో అతడు ప్రతిసారీ కొడుకు అన్న పదాన్ని వాడకుండా పలానావాని అన్న షష్ఠితో సరిపెట్టుకున్నాడు, తెలుగు అనువాదకుడు కొడుకు అన్న మాటను చేర్చక తప్పదు. ఈ సందులోంచి యోసేపు హేలీకి అల్లుడన్న అర్థాన్ని లాగుతారు. డెబ్బైకి పైగా పేర్ల గొలుసులో ఆ షష్ఠి అంతటా కొడుకు అన్న అర్థమిచ్చి, ఒక్క మొదటి కొక్కెం దగ్గర మాత్రం అల్లుడు ఎలా అవుతుందో వివరించడం కష్టం.

ఇంకా లోతైన ప్రశ్న ఒకటుంది. తండ్రి లేకుండా పుట్టిన ఈసాకు యోసేపు తాతముత్తాతలతో పని ఏమిటి? దత్తత వల్ల చట్టరీత్యా దావీదు వంశం సంక్రమించిందని క్రైస్తవులు అంటారు. ఇది కొట్టిపారవేయదగిన మాట కాదు. దివ్య ఖుర్ఆన్ మాత్రం ఈసాను మర్యమ్ కుమారుడనే పిలిచింది. యోసేపు ప్రస్తావనే తేలేదు.

ఈ ఇబ్బంది తొలినాళ్ళ క్రైస్తవులకు తెలియనిది కాదు. రెండవ శతాబ్దంలో తాతియాను నాలుగు సువార్తలను కలిపి 'దియతెస్సరోన్' అన్న ఒకే కథనంగా కూర్చాడు. అందులో వంశావళులను తొలగించాడని ఐదవ శతాబ్దపు థియోడొరెట్ రాశాడు. ఆ గ్రంథం సిరియా చర్చిలలో చాలాకాలం చదవబడింది. థియోడొరెట్ రెండు వందలకు పైగా ప్రతులను చర్చిల నుండి తీసివేయించి వాటి స్థానంలో నాలుగు సువార్తలను పెట్టించాడు. అంటే తేడాలు లేని ఒకే పుస్తకం చేతిలో ఉండగా, తేడాలున్న నాలుగింటినే ఉంచుకున్నారు. వైరుధ్యాలను దాచుకునే సమాజం చేసే పని ఇది కాదు. తెలిసి తెలిసి దాచి ఉంచారన్న ఆరోపణ చేసేవారు ఈ చరిత్రకు జవాబు చెప్పవలసి ఉంటుంది.

మరి వంశావళుల వైరుధ్యం ఎవరిపై నిలుస్తుంది? వైరుధ్యం లేకపోవడాన్ని పరీక్షగా పెట్టింది ఖుర్ఆన్ తనకు తాను (నిసా సూరా, 82). అదే పరీక్షను ఇతరులపై పెట్టాలంటే వారూ అటువంటి దావా చేసి ఉండాలి. ఫాండరు కాలపు మిషనరీలు చేశారు. 1978లో షికాగోలో సమావేశమైన ఇవాంజెలికల్ పండితుల ప్రకటనలోనూ బైబిలు సంపూర్ణంగా తప్పులు లేనిదన్న దావా ఉంది. వారి ముందు పెట్టవలసింది వంశావళులు; అహజ్యా వయస్సును వారు లేఖకుని మీదికి నెట్టి సులభంగా తప్పుకుంటారు, ఆ ప్రకటన దోషరాహిత్యాన్ని మూలప్రతులకే పరిమితం చేసింది గనుక. అయితే కాథలిక్ పండితుడు రేమండ్ బ్రౌన్ 1977లో ప్రచురించిన క్రీస్తు జన్మకథల పరిశీలనలో ఈ పట్టికలను కుటుంబ చరిత్రలుగా సమన్వయపరచే ప్రయత్నాలను అంగీకరించలేదు. అటువంటివారి వద్దకు జాబితా పట్టుకుని వెళ్ళడం తెరిచిన తలుపును తన్నడమే. వారిని అడగవలసిన ప్రశ్న మౌలానా మొదట అడిగినదే: ఈ పేర్లు మత్తయికి ఎవరు చెప్పారు, లూకాకు ఎవరు చెప్పారు? జాబిర్ ఒంటె ధర విషయంలో ఏ మాట ఎవరిదో పేరుపేరునా తెలుసు, ఎవరి జ్ఞాపకం గట్టిదో బేరీజు వేయవచ్చు. వంశావళులకు ఆ సౌకర్యం లేదు.

'ఇజ్హారుల్ హఖ్'కు మౌలానా అక్బర్ అలీ చేసిన ఉర్దూ అనువాదం 'బైబిల్ సే ఖుర్ఆన్ తక్' పేరుతో, మౌలానా తఖీ ఉస్మానీ వివరణలతో లభిస్తున్నది. దాని నుండి తెలుగులోకి భాగాలను తెచ్చేవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. ఇంగ్లీషులో కింగ్ జేమ్స్ అనువాదం దినవృత్తాంతములలో 42 అనే ఉంచగా, 1978 నాటి న్యూ ఇంటర్నేషనల్ అనువాదం 22 అని సవరించి, హెబ్రీలో 42 ఉందని అడుగున సూచించింది. ఈ సంగతి తెలియని ముస్లిం యువకుడు కరపత్రంతో వెళితే, ఎదుటివాడు తన బైబిలు తెరిచి 22 చూపిస్తాడు. ఆ క్షణంలో అబద్ధమాడినవారుగా తేలేది మౌలానాయే. పట్టికలో ఆ వచనం పక్కన, ఏ ప్రతిలో ఏ అంకె ఉందో చెప్పే రెండు పంక్తుల వివరణ ఉండి తీరాలి. మత్తయి 1:16, లూకా 3:23 వచనాలకు అటువంటి వివరణతో పని పడదు.