‘ఫిరదౌసి’: చరిత్ర, ఐతిహ్యం, కావ్యసత్యం

గుర్రం జాషువా ‘ఫిరదౌసి’ (1932) కావ్యానికి ఆధారం ‘షానామా’ కర్త జీవితగాథ. పద్యానికొక బంగారు నాణెం ఇస్తానన్న గజనీ మహమూదు, కవి ముప్పై ఏళ్ళు శ్రమించి కావ్యం పూర్తిచేశాక వెండి నాణేలతో సరిపెట్టడం ఇందలి ఇతివృత్తం. కావ్యంగా దీని బలం నిర్వివాదం. దీన్నే చరిత్రగా స్వీకరించవచ్చునా అన్నది వేరే ప్రశ్న.

కాలక్రమం ఈ కథకు అనుకూలంగా లేదు. తూస్ ప్రాంతవాసి అయిన ఫిరదౌసి సుమారు 977లో, సామానీల పాలనలో, రచనకు పూనుకున్నాడు. మహమూదు సింహాసనమెక్కింది 998లో; కావ్యం ముగిసింది 1010లో. కనుక ముప్పై ఏళ్ళ శ్రమకు సుల్తాను ఆజ్ఞ మూలకారణం కాజాలదు. ప్రాచీన ఇరాన్ రాజుల గాథలను నిలపాలన్న కవి సంకల్పమే మొదటిది. రాజాశ్రయం తరువాతి అవసరం.

ఐతిహ్యం కూడా క్రమంగా పెరిగింది. 12వ శతాబ్ది మధ్యలో నిజామీ అరూజీ రచించిన ‘చహార్ మకాలా’లో కవికి దక్కినవి 20,000 దిర్హాములు. వాటిని అతడు స్నానశాల సేవకుడికీ, పానీయం అమ్మేవాడికీ పంచివేశాడు. అక్కడ అన్యాయానికి కారణం రాజు లోభం కన్నా, కవి మతవిశ్వాసాలపై ఆస్థానంలో జరిగిన దుష్ప్రచారం. పశ్చాత్తప్తుడైన సుల్తాను పంపిన నీలిమందు ఒక ద్వారం గుండా నగరంలోకి వస్తుండగా, మరో ద్వారం గుండా కవి పార్థివదేహం వెళ్తుంది. కుమార్తె ఆ కానుకను తిరస్కరిస్తుంది. పద్యానికొక బంగారు నాణెం అన్న ఒప్పందం తరువాతి కథనాల్లో ప్రాచుర్యం పొందింది.

జాషువా ఈ గాథలో మతవివాదాన్ని కాక, మాట తప్పడాన్నే ప్రధానం చేశాడు. దానితో ఆస్థాన కుట్ర వెనక్కి తగ్గి, శ్రమకూ ప్రతిఫలానికీ మధ్య సంబంధం కావ్యకేంద్రమైంది. విద్వత్తు ఉండీ కులం కారణంగా అవమానాలు ఎదుర్కొన్న కవికి ఈ ఎంపిక సహజం. కథలోని వేదన పారశీక కవిది మాత్రమే కాకపోవడానికి ఇదే హేతువు.

అయితే ఈ కావ్యాన్ని ఒక ముస్లిం పాలకుడి దుర్మార్గానికి చారిత్రక సాక్ష్యంగా చదివితే, చరిత్రకూ కావ్యానికీ అన్యాయమే జరుగుతుంది. వంచితుడైన కవి ముస్లిమే. సుల్తాను తప్పును తరతరాలకు అందించిన నిజామీ అరూజీ కూడా ముస్లిమే. అధికారాన్ని నిలదీసే స్వరం ఆ సాహిత్య సంప్రదాయంలోనే ఉంది. జాషువా అందుకున్నది ఆ స్వరాన్ని. అతని ‘ఫిరదౌసి’ 11వ శతాబ్ది గజనీకి సాక్ష్యం కాదు. ఇచ్చిన మాటకు ప్రభువు కట్టుబడాలన్న తీర్పు. దాని సత్యం ఆ తీర్పులోనే వెతకాలి.